నాలుగో బావిలో సున్నా

మార్చి 4, మంగళవారం

ఈరోజు ఉదయం పదకొండు గంటలకు చెల్లి వాళ్ళ వీధిలో బోరు తిరిగి తెరిచారు. తెరవొచ్చని రాసిచ్చింది నేను.

రెండేళ్ళుగా మూసి ఉన్న బోరు. మోటారు వేయగానే తుప్పు నీళ్ళు వచ్చాయి. పావుగంటకి తేటపడ్డాయి. వీధివాళ్ళంతా చుట్టూ నిలబడ్డారు. మూల ఇంటి టైలరు గ్లాసు నింపాడు గానీ తాగలేదు. నావైపు చాపాడు.

"ముందు మీరు కానివ్వండి మేడమ్. మీ వెనక మేమున్నాం."

తాగాను. అందరూ నవ్వారు.

"ఫ్యాక్టరీ మందు భూమిలోనే ఉందిగా ఇంకా?" అన్నాడు. ఉందన్నాను. గ్రీజు పట్టిన లోహపు ముక్కలు కడిగి పారబోసిన ద్రావకం అది. ఫ్యాక్టరీ మూతబడినా, నేల కింద నీళ్ళతో కలిసి కదులుతూనే ఉంటుంది. "మరి మధ్యలో గోడ కట్టామన్నారు. గోడ కడితే నీళ్ళు ఆగాలి గదా. ఇవెలా వస్తున్నాయి?"

గోడ అన్న మాట మేమే తెచ్చిపెట్టుకున్న తలనొప్పి. "అది అడ్డం కాదండీ, వడపోత. మీ వీధికీ ఫ్యాక్టరీకీ మధ్య పొడుగ్గా కందకం తవ్వి, ఇనుప రజనూ ఇసుకా కలిపి నింపాం. నీళ్ళు దాన్లోంచి దూరి పోతాయి. పోతుంటే ఇనుము ఆ మందుని విరగ్గొడుతుంది. ఇవతలికి వచ్చేవి మంచినీళ్ళు. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి గోడలోనే ఉత్తరం నుంచి దక్షిణానికి ఆరు బావులు పెట్టాం. సన్నటి గొట్టపు బావులు. వాటిని చూడ్డమే నా ఉద్యోగం."

చెల్లి బిందె నింపించుకుంది. ఆరో నెల కదా, మరిది మోశాడు. "ఇక ట్యాంకరు దగ్గర జుట్లు పట్టుకునే పని లేదు. మా అక్క పుణ్యం" అంది, అత్తగారికి వినబడేంత గట్టిగా. అత్తగారు వినబడనట్టే నిలబడింది.

మంచి రోజు.

మార్చి 5, బుధవారం

గోడ బావుల ఫలితాలు వచ్చాయి. ఐదు బావుల్లో మందు పరిమితి లోపలే. నాలుగోది సున్నా. కొద్దిగా కూడా కాదు, సున్నా.

మా ఆఫీసు పెద్దసారు కాగితం పైకెత్తి చూపించాడు. "క్లాసులో ఫస్టు. ఇలాంటివి ఇంకో ఐదుంటే నేను నిశ్చింతగా రిటైరవుతాను."

మార్చి 11, మంగళవారం

శాంపిళ్ళు తీసేరోజు. శాంపిళ్ళు పట్టే మా సీసా తిడుతూనే ఉంది. అసలు పేరు నాకు తెలుసు గానీ సంచీ నిండా గాజుసీసాలేసుకుని తిరిగే మనిషిని ఆఫీసులో ఇంకో పేరుతో ఎవరూ పిలవరు.

పాత నీళ్ళు తోడేసి, కొత్త నీళ్ళు ఊరాక శాంపిల్ పట్టాలి. మిగతా బావులు తోడుతుంటే ఊరుతున్నాయి. నాలుగోది ఊరడం లేదు. పంపు గాలి పీలుస్తోంది.

"మీ ముద్దుల బావి మహా పిసినారి మేడమ్. చెంచాతో పెడుతోంది."

"గొట్టం అడుగున జల్లెడకి మట్టి పట్టి ఉంటుంది."

"మట్టి కాదు, చూడండి. గ్లవుజు జారుతోంది." వేళ్ళు రుద్ది చూపించింది. "బెండకాయ కోసినట్టుంది."

మట్టే. సన్నటి బంకమట్టి తడిస్తే జారుతుంది.

మార్చి 12, బుధవారం

జిగురు అక్టోబరులోనే విరిగింది.

కందకం తవ్వినప్పుడు గట్లు కూలకుండా గోరుచిక్కుడు గింజల పిండి కలిపిన చిక్కటి నీళ్ళతో నింపి ఉంచాం. ఇనుము నింపాక ఎంజైము పోశాం. ఎంజైము ఆ జిగురుని విరిచి పలచటి నీళ్ళు చేస్తుంది. చేసింది. నేను దగ్గరుండి చూశాను. కర్ర ముంచి ఎత్తితే తీగ సాగలేదు.

కర్ర పొడుగు మనిషంత. కందకం లోతు అలాంటి ఆరేడు కర్రలు.

విరిగింది.

మార్చి 14, శుక్రవారం

నీటిమట్టాలు కొలిచాను. నాలుగో బావి దగ్గర, గోడకి ఫ్యాక్టరీ వైపు నీళ్ళు ఎక్కువ ఎత్తులో ఉన్నాయి. అటూఇటూ వేలెడు తేడా ఉండాల్సిన చోట మోకాలెత్తు తేడా.

టేపు సాగి ఉంటుంది. పాతది.

మార్చి 15, శనివారం

కొత్త టేపుతో కొలిచాను. మోకాలెత్తే.

మార్చి 16, ఆదివారం

చెల్లి ఇంటికి భోజనానికి వెళ్ళాం, అమ్మా నేనూ. మంచినీళ్ళ చెంబు నా ముందే ఉంది. దాహం లేదన్నాను. చెల్లి రెండు గ్లాసులు తాగింది. ఈ మధ్య దాహం ఎక్కువైందట. డాక్టరు కూడా బాగా తాగమందట.

మార్చి 17, సోమవారం

పొద్దున్నే సీసానీ రమ్మనకుండా ఒక్కదాన్నే వెళ్ళాను. ఒకటో బావిలో బకెట్టెడు నీళ్ళు పోసి చూశాను. మట్టం పైకి లేచింది, చూస్తుండగానే దిగిపోయింది. రెండో బావి, మూడో బావి అంతే. నీళ్ళు పక్కకి ఇంకిపోయాయి. అలాగే పోవాలి.

నాలుగో బావిలో పోశాను. లేచింది. దిగలేదు.

బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాను. వాచీ చూడటం మానేశాను. భోజనానికి పోయి వచ్చి కొలిస్తే, పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి.

ఐదోదీ ఆరోదీ దిగాయి గానీ, చాలా నెమ్మదిగా.

అప్పుడు తెలిసింది. రాస్తే నిజమవుతుందన్నట్టు కలం ఆగుతోంది. రాస్తాను.

జిగురు విరగలేదు. గోడ దక్షిణం సగంలో అడుగంతా ఇంకా జిగురే. అక్కడ ఇనుము ఉంది, ఇసుక ఉంది, నీళ్ళు పోవడానికి సందు లేదు. నాలుగో బావిలో ఉన్నవి అక్టోబరు నాటి నీళ్ళు. ఇన్ని నెలలు ఇనుము మధ్య కదలకుండా కూర్చున్న నీళ్ళలో మందు ఎందుకుంటుంది? సున్నా రాక ఇంకేం వస్తుంది? ఏ బావి అన్నిటికంటే శుభ్రంగా ఉందని మెచ్చుకున్నామో అక్కడే గోడ చచ్చిపోయింది.

గోడలోంచి పోలేని నీళ్ళు ఊరుకోవు. మోకాలెత్తు ఎగదన్ని, దక్షిణపు చివర దాకా పోయి, చుట్టూ తిరిగి దిగుతాయి. మందుతో సహా.

దక్షిణపు చివర నుంచి చూస్తే చెల్లి వాళ్ళ డాబా మీద ఆరేసిన బట్టలు కనబడతాయి.

మార్చి 17, మళ్ళీ

నీళ్ళు నేల కింద రోజుకి ఎంత దూరం పోతాయన్నదే ఇప్పుడు లెక్క. జానెడు లెక్కన అయితే బోరు దాకా ఇంకా రాలేదు. మూరెడు లెక్కన అయితే వచ్చేసింది. పైగా పొద్దునా సాయంత్రం బోరు వేస్తున్నారు. ఆ లాగుడు కూడా అటే.

నేను రాసిచ్చిన నాడు బోరులో ఏమీ లేదు. రెండుసార్లు పరీక్ష చేయించాకే రాసిచ్చాను. ఆ నాటికి లేదు.

జానెడే.

మార్చి 18, మంగళవారం

పెద్దసారుకి చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళజోడు తీశాడు. అరిచి ఉంటే బాగుండేది.

"దక్షిణం సగం నింపిన రోజుల్లో తుఫాను ముసురు, చలి. ఎంజైముకి చలి పడదు. ఎక్కువ పోయాల్సింది." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "బోరు శాంపిల్ తీశావా?"

"పొద్దున తీసి పంపాను. వచ్చే మంగళవారానికి ఫలితం."

"అప్పటిదాకా నోరు విప్పకు."

"సార్, వాళ్ళు తాగుతున్నారు."

"తెలుసమ్మా. కానీ నీ దగ్గరున్నదేంటి? ఒక బకెట్టు నీళ్ళు దిగలేదన్న సంగతి. బోరులో మందుందని నీ దగ్గర ఏముంది? ఇవాళ మూయిస్తావు. మంగళవారం సున్నా వస్తుంది. మళ్ళీ తెరవమంటావు. ఆ వీధి వాళ్ళు ఇంకోసారి మన మొహం చూస్తారా? రేపు నిజంగా మూయాల్సి వచ్చినప్పుడు, పోవమ్మా అంటారు."

ఆయన మాటలో తప్పు వెతికాను. దొరకలేదు. దొరకనందుకు కొంచెం హాయిగా కూడా అనిపించింది.

సాయంత్రం చెల్లికి ఫోన్ చేశాను.

"రేపట్నుంచి ఇరవై లీటర్ల డబ్బాలు వస్తాయి. తాగడానికీ వంటకీ అవే వాడు. అందరికీ అవే."

"ఎందుకూ?"

"బోరు కొత్తగా తెరిచారు గదా. పైపుల్లో తుప్పుంటుంది. కడుపుతో ఉన్నావు."

"తుప్పంటే ఇనుమేగా. ఇనుము తక్కువుందని రోజూ మాత్ర మింగుతున్నాను."

"చెప్పినట్టు చెయ్యవే."

"సరే తల్లీ. డబ్బులు నువ్వే కట్టుకో."

మార్చి 19, బుధవారం

ఈ ద్రావకం కడుపులో బిడ్డ గుండెకి చేటు చేస్తుందని అనుమానమట, నెట్‌లో చదివాను. గుండె రూపు కట్టేది మొదటి మూడు నెలల్లో. చెల్లికి ఆరో నెల. పేజీ మూసి మళ్ళీ తెరిచాను. మొదటి మూడు నెలల్లోనే అని ఉంది. చెల్లికి ఆరో నెల.

మార్చి 20, గురువారం

అమ్మ నన్ను చూసి, "తేలు కుట్టిన దొంగలా ఆ తిరగడం ఏంటే" అంది. ఆఫీసులో పని అన్నాను.

"పని ఉంటే విసుక్కుంటావు. ఇది వేరే."

మార్చి 21, శుక్రవారం

చెల్లి రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మీటింగులో ఉన్నానని మెసేజ్ పెట్టాను. మీటింగు లేదు.

మార్చి 22, శనివారం

పొద్దున పదింటికి, చెల్లిని చూడబోయిన అమ్మ నంబరు నుంచి ఫోన్. అమ్మే అనుకుని ఎత్తాను.

"పక్కింటావిడ వచ్చింది" అంది చెల్లి, పలకరింపేం లేకుండా. "మీ ఇంటికి డబ్బాలు దిగుతున్నాయేంటి, బోరు నీళ్ళలో ఏమన్నా ఉందా, మీ అక్క చెప్పిందా అని అడిగింది."

"ఏం చెప్పావు?"

"వేవిళ్ళు, ఆ నీళ్ళ వాసన పడట్లేదన్నాను. ఆరో నెల్లో వేవిళ్ళేంటని ఆవిడ మొహం పెట్టింది. ముగ్గుర్ని కన్న మనిషి. నీకోసం అబద్ధమాడాను, అదీ తెలివితక్కువ అబద్ధం."

నవ్వాను. అది నవ్వలేదు.

"అక్కా, ఆవిడ చంటిదానికి పాలపొడి ఆ నీళ్ళతోనే కలుపుతోంది. మరిగించి మరీ కలుపుతున్నాను, పర్లేదు గదా అని నన్నడిగింది. నేను తలూపాను. మరిగిస్తే పోతుందా?"

పోదు. నీళ్ళలోంచి లేచి ఆ వంటగదిలోనే తిరుగుతుంది. ఆ గదిలోనే ఉయ్యాల ఉంటుంది. చూశాను.

"అది తుప్పు కాదు గదా" అంది చెల్లి.

"ఇంకా తెలీదు. ఫలితం మంగళవారం వస్తుంది."

"నాకు డబ్బాలు ఫలితం వచ్చాకే పంపావా?"

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఇవాళ నాలుగింటిదాకా చూస్తాను. తరవాత నేనే గుమ్మం గుమ్మం తడతాను. నా మాట ఎవరూ నమ్మరు, మా అత్తగారసలే నమ్మదు. అయినా తడతాను. ఈ పొట్టేసుకుని ఎండలో తిప్పుతావో లేదో నీ ఇష్టం."

పెట్టేసింది.

పెద్దసారుకి ఫోన్ చేశాను. మనవరాలి చదువో ఏదో వెనక వినబడుతోంది. ఈ ఒక్క ఆదివారం ఓపిక పట్టు, సోమవారం అందరం కూర్చుందాం అన్నాడు. "నేను మూయిస్తున్నాను సార్" అన్నాను. అటువైపు తలుపు మూసిన చప్పుడు వినిపించింది. తరవాత, "నాకు ముందే చెప్పావని మాత్రం ఎక్కడా అనకు" అన్నాడు.

వీధికి వెళ్ళేసరికి రెండు దాటింది. మోటారు నడుస్తోంది. బిందెలు వరసలో ఉన్నాయి. ముందు మోటారు ఆపి ఫ్యూజు పీకాను, తరవాత మాట్లాడాను. మాటలతో మొదలుపెడితే చెయ్యి ఆడదేమోనని.

"గోడ దక్షిణం సగం పూడిపోయింది. నీళ్ళు చుట్టూ తిరిగి ఇటు వస్తున్నాయి. ఈ బోరులోకి వచ్చాయో లేదో మంగళవారం తెలుస్తుంది. అప్పటిదాకా ఈ నీళ్ళు తాగొద్దు, వంటకొద్దు, మరిగించొద్దు. స్నానానికీ వద్దు."

"రెండు వారాల కిందట చెప్పిందేంటి మరి?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"అప్పుడు బోరులో లేదు."

"అప్పుడు లేదు, ఇప్పుడుందో లేదో తెలీదు. బాగుందమ్మా చదువు. మా ఇంట్లో కుక్కర్ కూడా ఇంతకన్నా గట్టిగా చెబుతుంది."

కొందరు నవ్వారు. టైలరు నవ్వలేదు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "మీరూ తాగారు గదా ఆ రోజు. మీకేమన్నా తేడాగా ఉందా?" దెప్పడానికి కాదు. నేను ఏమీ లేదంటే ఇంటికెళ్ళి భార్యతో ఆ మాట చెప్పుకోవాలని. ఏమీ లేదన్నాను. ఒక్క గ్లాసు సంగతి వేరని అనలేకపోయాను.

చెల్లి అత్తగారు అరుగు దిగి వచ్చింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"సోమవారం."

"మాకు డబ్బాలొచ్చింది బుధవారం."

"అవునండీ."

"ఇవాళ శనివారం."

ఆవిడ తిరిగి అరుగెక్కింది. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం లెక్క కట్టుకున్నారు. అప్పటిదాకా నామీద ఉన్న చూపులు ఒక్కొక్కటే చెల్లి గుమ్మం వైపు తిరిగాయి. చెల్లి అక్కడే నిలబడి ఉంది, తలుపు రెక్క పట్టుకుని. లోపలికి పోలేదు.

పక్కింటావిడ చంటిదాన్ని భుజాన వేసుకుని ఉంది. చేతిలో పాలసీసా, సగం ఖాళీ. దాన్ని ఒకసారి చూసి, మూత తిప్పి, కాలవలో వంపేసింది. వంపాక కూడా సీసాని అలాగే తలకిందులుగా పట్టుకుని ఉంది.

మార్చి 23, ఆదివారం

జానెడు. మూరెడు. జానెడు.

మార్చి 24, సోమవారం

ఆఫీసులో కూర్చున్నాం. జిగురు ఉన్న చోటల్లా బెజ్జాలు వేసి మళ్ళీ ఎంజైము ఎక్కించాలి. దక్షిణపు చివర నుంచి గోడని ఇంకొంత పొడిగించాలి. పెద్దసారు అన్నీ స్థిమితంగా చెప్పాడు. శనివారం సంగతి ఎత్తలేదు. నావైపు చూడలేదు కూడా.

బయటికొచ్చాక సీసా అంది, "బెండకాయ అన్నప్పుడు నేనే ఇంకొంచెం గట్టిగా అనాల్సింది మేడమ్."

"నువ్వు సరిగ్గానే అన్నావు."

"నాకేం తెలిసి అన్నాను? చెయ్యి జారిందని అన్నాను."

చెల్లికి ఫోన్ చేశాను. మరిది ఎత్తాడు. "పడుకుందండీ" అన్నాడు. వెనక దాని గొంతు వినిపిస్తూనే ఉంది. వీధిలో ఎవరూ దానితో మాట్లాడటం లేదని అమ్మ చెప్పింది. పక్కింటావిడ డాబా మీద ఎదురుపడినా తల తిప్పుకుందట. తన నీళ్ళ డబ్బాలు చెల్లి నిన్ననే మోయించి వాళ్ళ గుమ్మంలో పెట్టిందట. పొద్దునకి అవి అక్కడే ఉన్నాయట.

మార్చి 25, మంగళవారం

మూడున్నరకి ఫలితం. బోరులో మందు ఉంది. పరిమితికి రెండింతలు.

మూరెడు.

ఎప్పట్నుంచి ఉందో ఎవరూ చెప్పలేరు. శాంపిల్ తీసిన నాటికి ఉంది. ఆదివారం భోజనాల నాడు ఉందా? చెల్లి తాగిన ఆ రెండు గ్లాసుల్లో? దానికి ముందు వారం? ఈ ప్రశ్నకి పరీక్ష లేదు. ఆ నీళ్ళు పోయాయి.

సోమవారం మధ్యాహ్నం నేను బకెట్టు మీద కూర్చున్నప్పటికి వచ్చే ఉంటుంది. మంగళవారం ఉంది. బుధవారం నుంచి చెల్లికి డబ్బాలు. వీధికి శనివారం దాకా బోరు. ఈ లెక్కలో అనుమానం లేదు.

వీధికి వెళ్ళి చెప్పాను. టైలరు మిషను ఆపి విని, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు. పక్కింటావిడ తలుపు తీసింది గానీ గడప దాటి రమ్మనలేదు. చంటిదాన్ని రేపు డాక్టరు చూస్తారని, వీధిలో పిల్లలందరికీ ఏర్పాటు చేశామని చెప్పాను. "ఎన్నింటికి?" అంది. పదిన్నరకన్నాను. తలుపు వేసింది.

చివర్లో చెల్లి ఇంటికి. మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. చెప్పాను. పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"కదులుతోందా?" అన్నాను.

"పొద్దున కదిలింది." తరవాత, "నువ్వు తుప్పన్నప్పుడు నేను నమ్మలేదు. నమ్మినట్టు ఉన్నాను. నాకు డబ్బాలు వస్తున్నాయి గదా అని ఊరుకున్నాను. ఇంక నువ్వు మాట్లాడకు. ఏం చెప్పినా నాకు ఏడుపొస్తుంది."

రేపటి పనులు. ఉదయం ఆరింటికి వీధికి ట్యాంకరు. తొమ్మిదికి దక్షిణపు చివర డ్రిల్లింగ్ మొదలు. పదిన్నరకి పిల్లల డాక్టరు. పన్నెండుకి చెల్లికి స్కాన్.

డ్రిల్లింగ్ దగ్గరికి వేరే మనిషిని వేశాను, నువ్వు రానక్కర్లేదన్నాడు పెద్దసారు. స్కాన్‌కి అమ్మ వస్తుంది, నువ్వు రావద్దని చెల్లి మరిదితో చెప్పించింది.

ట్యాంకరు దగ్గర గొట్టం పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆరింటికి నేను అక్కడుంటాను.